మూడు అంగీల సేపు

కిందటి నెల నల్లగొండ పోతూ నార్కట్‌పల్లి చౌరస్తాలో చాయ్ తాగడానికి ఆగాను. పాత పరిచయస్తుడొకాయన నన్ను గుర్తుపట్టి వచ్చి పక్కన కూర్చున్నాడు. వానల సంగతి, పిల్లల సంగతి అయ్యాక, "సార్, మీకు ఎరికేనా? గా మంత్రి మొఖం మాడగొట్టినామె లేదూ, పోయింది. రెండు నెల్లాయె" అన్నాడు. అని నవ్వాడు.

చెడ్డవాడు కాదు. ఆమె మీద ఆయనకు పగ లేదు. ఆమె మాట వస్తే ఆ ఊళ్లో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది అదే. గుర్తొస్తే నవ్వొస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఊరు ఆమెను ఒక అబద్ధంతో గుర్తుపెట్టుకుంది. ఆ అబద్ధాన్ని అచ్చులో పెట్టింది నేను. చాయ్ సగంలో వదిలేసి లేచాను.

తొంభైల చివరి రోజులవి. ఒక దినపత్రికకు ఆ చుట్టుపక్కల వార్తలు నేనే రాసేవాణ్ణి. సాయంత్రం నాలుగు లోపల వార్తల కవరు హైదరాబాద్ బస్సు డ్రైవరు చేతిలో పెట్టాలి. అందాకా నేను కూర్చునే జాగా చౌరస్తాలోని ఫోటో స్టూడియో. దాని యజమానిని అందరూ పటేల్ అనేవారు, నేనూ అదే అనేవాణ్ణి. నా ఫోటోలు ఆయనే కడిగి ఇచ్చేవాడు. స్టూడియో ముందు రేకు నీడలో ఆమె ఇస్త్రీ బండి ఉండేది. నలభై దాటిన మనిషి. సన్నగా, ఎండుకట్టెలా గట్టిగా ఉండేది. మా దిక్కు నీళ్లు తాగి పెరిగినవాళ్లందరికీ ఉండే గోధుమరంగు గార ఆమె పళ్ల మీదా ఉండేది. నవ్వినా తిట్టినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది కాదు.

పటేల్ ఒకసారి హైదరాబాద్ పోయి, కప్పుల మీద ఫోటో వేసే మిషన్ కొనుక్కొచ్చాడు. జిల్లాలో అది తన దగ్గర తప్ప ఎక్కడా లేదని చెప్పుకునేవాడు. పని చూడ్డానికి తేలికే. ప్రత్యేకమైన సిరాతో, అద్దంలో చూసినట్టు తిరగేసి అచ్చు వేసిన ఫోటో కాగితం హైదరాబాద్ నుంచి బస్సులో వస్తుంది. దాన్ని తెల్ల కప్పు చుట్టూ బిగించి అంటించాలి. కప్పు నడుముకు పట్టీలా చుట్టుకునే మిషన్‌లో పెట్టి కాల్చాలి. ఆ వేడికి సిరా ఆవిరై కప్పు మీది పూతలోకి దిగి కూర్చుంటుంది. వేడి చాలకపోతే బొమ్మ వెలవెలబోతుంది. ఎక్కువైతే మాడుతుంది. నూట ఎనభై దగ్గర నాబు పెట్టి మూడు నిమిషాలు ఉంచమని మిషన్‌తో వచ్చిన కాగితంలో ఉంది. ఆ కాగితం రాసినవాడు మా కరెంటును ఎన్నడూ చూడలేదు. పొద్దున బోరు మోటర్లన్నీ ఒక్కసారి ఎక్కితే స్టూడియోలో బల్బు తీగ ఎర్రటి దారంలా కనిపించేది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టవచ్చు.

నెల రోజులు పటేల్ కప్పులు పాడుచేశాడు. రక్తం లేని పెళ్లికొడుకులు, పొగమంచులో నిలబడ్డట్టున్న పెళ్లికూతుళ్లు స్టూడియో వెనక కుప్ప పడ్డారు. ఒక రోజు ఇస్త్రీ చేస్తూనే ఆమె కిటికీలోంచి లోపలికి మాట విసిరింది.

"పటేలా, పెనం కాగకముందే రొట్టె ఏస్తున్నవ్."

"నీకేం ఎరికనే? నూట ఎనభై పెట్టిన."

"నువ్వు పెట్టినవ్. అది ఎక్కిందా? కాయిదం మీద బువ్వ అని రాస్కుంటె కడుపు నిండుతదా?"

నేను నవ్వాను. పటేల్‌కు నవ్వు రాలేదు గాని, విసిగిపోయి ఉన్నాడు కాబట్టి రమ్మన్నాడు. ఆమె లోపలికి వచ్చింది. మిషన్‌కు నంబర్ల నాబు ఉంది గాని, లోపల నిజంగా ఎంత వేడి ఉందో చూపించేది ఏదీ లేదు. ఆమె వేళ్లు తడుపుకొని ఒక చుక్క నీళ్లు పట్టీ మీద చిలకరించి చెవి పెట్టింది. సుయ్‌మంది.

"ఇగో, సుయ్యంటుంది. నా పెట్టె గిట్ల సుయ్యంటె నేను అంగీ మీద పెట్టను. చట్టుమనాలె. నాబు సివరిదాంక తిప్పు."

"కాలిపోతది."

"గీ కరెంటుకు ఏం కాల్తది పటేలా? బీడీ గూడ అంటుకోదు."

నాబు చివరిదాకా తిప్పారు. ఆమె మళ్లీ చుక్క వేసింది. మళ్లీ వేసింది. మూడోసారి చట్టుమంది. కప్పు పెట్టించి బయటికి పోయి మూడు అంగీలు ఇస్త్రీ చేసి వచ్చి, "ఇగ తియ్" అంది. కాగితం వేడి మీదనే ఒక్క ఊపున ఒలిచింది. కప్పు మీద పెళ్లికొడుకు నల్లటి మీసాలతో, ఎర్రటి బొట్టుతో బతికున్న మనిషిలా బయటపడ్డాడు. పటేల్ ఆ కప్పును చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

అప్పటినుంచి సగం రోజు బండి దగ్గర, సగం రోజు మిషన్ దగ్గర. కాలాన్ని ఆమె అంగీలతోనే కొలిచేది. మిషన్‌కు టైమరు ఉంది, గంట కూడా కొడుతుంది. ఆమె దాన్ని నమ్మేది కాదు. "గంట గూడ గా కరెంటుదే గద సారూ. దాని చుట్టమే. అది అట్లనే చెప్తది" అనేది. పొద్దున మొదటి కప్పుకు నాలుగు అంగీల సేపు. పట్టీ బాగా కాగాక తర్వాతి వాటికి మూడు. మధ్యాహ్నం మోటర్లు ఆగి బల్బు తెల్లబడితే నాబు సగానికి దించి రెండు అంగీలు, ఒక్కోసారి ఒకటిన్నర. బల్బును చూడకుండా ఆమె నాబును ముట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. దానికింద ఒక్క క్షణం తలెత్తి నిలబడేది, పక్కింటావిడ మొహం చూసి ఇవాళ ఎలా ఉందో కనిపెట్టినట్టు.

తప్పు ఎక్కడుందో కప్పు చూసి చెప్పేది. ఒకసారి ఒక కప్పు మీద పెళ్లికొడుకు పక్కన ఇంకో పెళ్లికొడుకు నీడలా వచ్చాడు.

"పటేలా, పిల్లకు ఇద్దరు మొగుళ్లను కట్టబెట్టినవ్. తీసేటప్పుడు కాయిదం జరిపినవ్ గద?"

బొమ్మ ఒక పక్క మంచిగా, కప్పు చెవి దగ్గర వెలిసిపోయి వస్తే పట్టీ బిగువు చాలలేదని. వానాకాలంలో ముఖాల మీద అమ్మవారు పోసినట్టు చుక్కలు వస్తే కాగితం తేమ పీల్చిందని. అట్లాంటి రోజుల్లో కాగితాలను తన ఇస్త్రీపెట్టె పక్కన ఒక బట్టలో పెట్టి ఆరబెట్టేది. కాల్చిన కప్పును చల్లారకుండానే నీళ్లలో ముంచి పగలగొట్టిన పటేల్‌ను, "బాలింతకు సన్నీళ్లు పోస్తారయ్యా?" అని అడిగింది. మిషన్‌తో కూడా మాట్లాడేది. ఎక్కువ తిట్లే. మొండి ఎద్దుతో మాట్లాడినట్టు మాట్లాడేది.

స్టూడియోలో ఒక స్టెబిలైజర్ ఉండేది. కరెంటు ఎగుడుదిగుడులు సర్దే ఆ పెట్టెను పటేల్ జిరాక్స్ మిషన్‌కు పెట్టుకున్నాడు. వారానికొకసారైనా ఆమె దాని సంగతి ఎత్తేది.

"పటేలా, గా డబ్బ అసుంటిది దీనికొకటి తే."

"జిరాక్సు కాలిపోతే నువ్విస్తవా?"

"దాని డబ్బ దానికి ఉండనియ్. దీనికి ఏరేది తే అంటున్న. జిరాక్సు కాయిదాలిస్తది. గిది మనుషుల మొఖాలిస్తది."

ఆయన తేలేదు. దానికి బదులు ఇంకో పని చేశాడు. ఒక రోజు ఆమె మూడు అంగీలు చేస్తుంటే గోడచాటు నుంచి చేతి గడియారం చూసుకున్నాడు. ఏడు నిమిషాలు. మర్నాడు మిషన్ పైన గోడకు ఒక చీటీ అంటించి ఉంది: 'నాబు ఫుల్. 7 నిమిషాలు.' ఇక విద్య చేతికొచ్చిందని ఆయన ధీమా.

ఆమెకు చదువు రాదు. "ఏందది సారూ?" అని నన్ను అడిగింది. చదివి చెప్పాను. పళ్లన్నీ కనబడేట్టు నవ్వింది.

"ఇయ్యాల్టిది రాసుకుండు. రేపటిది ఎవలు రాసిస్తరు?"

ఆ రేపు కొన్ని నెలలకు వచ్చింది. ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు ప్రారంభానికి ఒక మంత్రి వస్తున్నాడు. వేదిక మీద పెద్దలకు ఇవ్వడానికి మంత్రి బొమ్మతో ఇరవై కప్పులు కావాలని మండల నాయకుడు పటేల్‌కు చెప్పాడు. కాగితాలు ముందురోజు సాయంత్రం బస్సులో దిగాయి. సభ పొద్దున పదింటికి. తెల్లవారుతూనే పటేల్ స్టూడియో తెరిచాడు. నేనూ అక్కడే ఉన్నాను, కెమెరాలో రీలు వేయించుకోవడానికి పోయాను.

ఆమె వచ్చి, అలవాటు ప్రకారం బల్బు కింద నిలబడి తలెత్తింది. దించలేదు.

"సారూ, జర సూడు. బలుబు ఎట్ల నవ్వుతుందో."

నేను చూశాను. అంత తెల్లటి వెలుగు ఆ గదిలో అంత పొద్దున ఎప్పుడూ లేదు. ఫ్యాను గాలికి గోడ మీది చీటీ రెపరెపలాడుతోంది. మంత్రి వస్తున్నాడని ఆ పొద్దు బోర్లకు కరెంటు బంద్ పెట్టి, ఊరికి నిండుగా ఇచ్చారు. మైకులు గరగరమనకూడదు, లైట్లు ఆరకూడదు. పైరు ఎండినా ఫరవాలేదు.

ఆమె తడి వేలితో పట్టీ మీద చుక్క వేసింది. చుక్క పట్టీని అంటనే లేదు. గోలీలా ఉరికి కింద పడింది.

"పటేలా, ఇయ్యాల కరెంటు బరువున్నది. నాబు సగానికి దించు. రెండు అంగీలు సాలు."

ఆమె చెయ్యి నాబు దాకా పోయింది. అప్పుడే నాయకుడి మనిషి ఒక మూట తెచ్చి అరుగు మీద పడేశాడు. నాయకుడి ఖద్దరు అంగీ, ధోతి, వేదిక మీద పరిచే తెల్లటి గుడ్డలు.

"నువ్వు గివి చూడు పో," అన్నాడు పటేల్. "మూట ఆయన ఇంటికి పట్కపో. అంగీ, ధోతి, గుడ్డలు గాడనే చెయ్యి. కప్పులు నేను జూసుకుంట."

"నాబు దించు పటేలా."

"నీకెందుకే? ఇస్త్రీ జూడు. చీటీ రాసి పెట్టుకున్న."

"చీటీకి కరెంటు కనవడ్తదా?"

"పో అంటున్న గద!"

ఆమె మూట నెత్తిన పెట్టుకొని, ఇస్త్రీపెట్టె చేత పట్టుకొని పోయింది. ఈ మాటలన్నీ నేను మూడడుగుల దూరంలో కూర్చుని విన్నాను. ఇది పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

పటేల్ నాబును చివరనే ఉంచి, టైమరు ఏడు నిమిషాలకు తిప్పి కప్పులు కాల్చాడు. తొందరలో ఇంకో తెలివి చూపించాడు. ప్రతి కప్పుకూ అప్పటికప్పుడు కాగితం ఒలవడం దండగని, చుట్టిన కాగితంతోనే తీసి వరసగా పెట్టాడు. అన్నీ అయ్యాక ఒకేసారి ఒలవొచ్చన్నాడు. కాగితాల వీపు ఎర్రగా కమిలింది. మాడు వాసన వచ్చింది. "సిరా వాసన" అన్నాడు. వేడి కప్పు మీద కాగితం ఉన్నంతసేపూ సిరా పాకుతూనే ఉంటుంది. అది ఆమెకు తెలుసు. ఆమె అప్పుడు నాయకుడి ఇంట్లో ఉంది.

కాగితాలు వేదిక వెనక ఒలిచారు. ఒలిచినవాళ్లు చూసుకునే లోపే నాయకుడు మొదటి కప్పు లాక్కుని పోయి, చప్పట్ల మధ్య మంత్రి చేతిలో పెట్టాడు. నేను ముందు వరసలోనే ఉన్నాను. కప్పు మీద మంత్రి ముఖం ఇటుక రంగులో ఉంది. మీసం కరిగి పెదవుల మీదికి, గడ్డం మీదికి పారింది. కళ్లు రెండూ చెంపల దాకా జారాయి. మంత్రి ఒక్క క్షణం దాన్ని చూసి, వెనక నిలబడ్డ అధికారికి అందించాడు. ఆ అధికారి నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

మధ్యాహ్నం చౌరస్తాలో, అందరూ చాచా అని పిలిచే ఆయన చాయ్ హోటల్ ముందు, నాయకుడు పటేల్ అంగీ గల్లా పట్టుకున్నంత పని చేశాడు. పటేల్ చెయ్యెత్తి ఇస్త్రీ బండి వైపు చూపించాడు.

"నేనా? గామె చేసింది. మిషిన్ పని గామెదే."

నాయకుడు ఆమెను పిలిపించి జనం మధ్య నిలబెట్టాడు. "ఇస్త్రీ చేసుకునేదానికి మిషిన్ ఇస్తే గిట్లనే ఉంటది" అన్నాడు. ఇంకా అన్నాడు, రాయను. ఆమె తలవంచలేదు.

"దొరా, నీ ఒంటి మీది అంగీ ఎవలు చేసిండ్రు?"

నాయకుడికి అర్థం కాలేదు.

"పొద్దుగాల నీ ఇంట్ల, నీ పెండ్లాం ముందట, గీ అంగీ నేను చేసిన. మడత సూస్కో. తర్వాత గుడ్డలు. తొమ్మిది దాంక ఆడనే ఉన్న. నేను గాడ ఉంటె గీడ కప్పులు పెట్టిందెవలు?"

నాయకుడు తన అంగీ చేతి మడతను తానే చూసుకున్నాడు. కత్తిలా ఉంది ఆ మడత. ఒక్క క్షణం అందరూ దానివైపే చూశారు. అప్పుడు పటేల్ అన్నాడు: "పెట్టింది నేనే అనుకో. లెక్క ఎవరిది? నాబు ఫుల్, ఏడు నిమిషాలు ఎవరు చెప్పిండ్రు? నువ్వు చెప్పినట్టే పెట్టిన."

"దించుమని చెప్పింది గూడ నేనే గద!"

"నోర్ముయ్యి" అన్నాడు నాయకుడు. అంతటితో తీర్పు అయిపోయింది.

ఆమె గుంపులో నా కోసం చూసింది. ఉన్నాను. మాట్లాడలేదు. నాలుగు కావస్తోంది, కవరు బస్సుకు ఇవ్వాలి అనుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పటికే నా తలలో శీర్షిక తయారైంది. మర్నాడు లోపలి పేజీలో చుట్టూ గీత గీసి, నవ్వులాటగా వచ్చింది: మాడిన మంత్రిగారి ముఖం. 'ఇస్త్రీ చేసే మహిళ చేతికి మిషన్ ఇస్తే' అని నాయకుడి మాటను అట్లాగే వాడుకున్నాను. బల్బు సంగతి రాయలేదు. రాస్తే నవ్వు రాదు. అది కరెంటు మీద వార్త అయ్యేది. బోర్లకు బంద్ పెట్టి సభకు ఇచ్చారన్న వార్త. ఎవరికీ అక్కర్లేని వార్త. పత్రిక వాళ్లకు నేను రాసింది బాగా నచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆమె పేపరు పట్టుకొని వచ్చింది. హోటల్ చాచాతో చదివించుకుంది.

"సారూ, నువ్వు గాడనే కూసున్నవ్ గద?"

"కూర్చున్న."

"చెవులు ఇంటి కాడ మర్చిపోయి వచ్చినవా?"

నేనేదో గొణిగాను. అప్పటి మాటలు ఇప్పుడు గుర్తులేవు. గుర్తుంచుకోవలసిన మాటలు కావు.

"నాకేం వద్దు," అంది. "పని పోతె పోనియ్. నా పెట్టె నాకున్నది. పదేండ్ల సంది గీ చౌరస్తల ఒక్క అంగీ కాల్చలే. ఒక్క బట్ట మీద మచ్చ పెట్టలే. ఇయ్యాల పొద్దుగాల ఒకాయన పట్టు ధోతి ఇయ్యబోయి మళ్ల లోపట పెట్టుకుండు. సూసిన. గా ధోతి నా చేతికి రావాలె. గంతే."

ఆ సాయంత్రం స్టూడియో ముందు నిలబడి పటేల్‌ను అడిగింది, అందరి ఎదుట ఒక్క కప్పు పెట్టమని. చీటీ ఎట్లా ఉంటే అట్లాగే. పటేల్ సరేనన్నాడు. బోర్లకు కరెంటు మళ్లీ వచ్చింది, బల్బు ఎర్రటి దారమైంది. ఆమె లెక్క సూటిగా ఉంది. నాబు అదే, నిమిషాలు అవే. నిన్న మాడింది, ఇవాళ మంచిగా వస్తుంది. మారింది కరెంటు ఒక్కటే కదా, చూసినవాళ్లకు అర్థం కాదా? ఆమె చేసిన తప్పు నాకు తెలిసి అదొక్కటే. చూసినవాళ్లకు అర్థమవుతుందని నమ్మింది.

ఏడు నిమిషాలైంది. పటేల్ కాగితం ఒలిచాడు. గులాబి పువ్వు బొమ్మ, రేకు రేకూ విడివిడిగా, తాజాగా వచ్చింది. పటేల్ కప్పును పైకెత్తి అందరికీ చూపించాడు.

"సూసిండ్రా? అదే చీటీ, అదే నాబు. నా చేతిల మంచిగనే వచ్చింది. మరి తప్పు ఎవరిది?"

"గామెదే" అన్నారు జనం. హోటల్ చాచా ఒక్కడు, "అరె, జర సోచాయించుండ్రి భాయ్, ఆలోచించుండ్రి" అన్నాడు. ఎవరూ వినలేదు.

ఆమె ముఖంలో మొదట ఆశ్చర్యం చూశాను. తర్వాత కోపం. అంత కోపం ఒక మనిషి ముఖంలో అంత నెమ్మదిగా ఎక్కడం మళ్లీ నేను చూడలేదు. కొంగు నడుముకు చెక్కుకుంది.

మా దిక్కు ఊళ్లలో ఒక పాత శిక్ష ఉండేది. పెద్దల మాట వినని ఇంటికి చాకలి బంద్, మంగలి బంద్ పెట్టేవారు. బట్ట ఉతికేవాడు రాడు, గడ్డం గీసేవాడు రాడు. ఆ శిక్ష ఎప్పుడూ పెద్దలే వేసేవారు. వాళ్లు వెయ్యమంటే చాకలివాళ్లు, మంగలివాళ్లు అమలు చేసేవారు. దాన్ని వేసే హక్కు తమకూ ఉందని వాళ్లలో ఎవరూ అనగా నేను వినలేదు, ఆ రోజు దాకా.

"పటేలా," అంది. "ఇయ్యాల్టి సంది నీకు చాకలి బంద్. నేనే పెడుతున్న."

జనం నవ్వారు. మూడు రోజుల తర్వాత నవ్వలేదు. చౌరస్తాలో ఉన్న నాలుగు బండ్లూ ఆమె చుట్టాలవే. ఒక్కటి కూడా పటేల్ బట్ట ముట్టలేదు. ఊళ్లో ఉతికేవాళ్లూ ముట్టలేదు. నాయకుడు పిలిచి బెదిరించాడు. "చెయ్యి నొస్తుంది దొరా" అని ఒకడు, "బొగ్గులు దొరుకుతలెవ్వు" అని ఒకడు. పటేల్ భార్య ఉతికేది, ఇస్త్రీ ఆమెకు చేతకాలేదు. చివరికి పటేల్ బట్టల మూట బస్సులో నల్లగొండ పోయి ఇస్త్రీ అయి వచ్చేది. నా వార్తల కవరు ఒక బస్సులో అటు, పటేల్ అంగీలు ఇంకో బస్సులో ఇటు. మూటలో నలిగి, దిగేసరికి వాటికి మళ్లీ ఇస్త్రీ కావలసి వచ్చేది.

ఇటు మిషన్ పని ఆగింది. ఇద్దరు ముగ్గురిని పెట్టి చూశాడు. చీటీ ప్రకారం పొద్దున మంచిగా వచ్చిన కప్పు మధ్యాహ్నం మాడేది. మధ్యాహ్నం లెక్క రాసుకుంటే రాత్రికి వెలిసేది. గోడ మీద చీటీలు పెరిగాయి. కప్పులు బాగుపడలేదు. పటేల్ మొదట చాచాను పంపాడు, తర్వాత నన్ను.

"స్టెబిలైజర్ తెస్తడట. పని మళ్ల ఇస్తడట" అన్నాను.

ఆమె ఇస్త్రీ పెట్టె ఎత్తి బొగ్గుల మీద ఊదింది. "డబ్బ కప్పులకు. నాకేంది? యాడ నిలవడి అన్నడో ఆడనే నిలవడి, గా మంది ముందటనే, ఒక్క మాట అనాలె. 'నీ చెయ్యి తప్పు కాదు' అని. అనుమను. అప్పటికప్పుడె నాబు ముట్టుకుంట. డబ్బ లేకున్న ముట్టుకుంట."

ఆ మాట పటేల్‌కు చెప్పాను. ఆయన నలిగిన అంగీ తొడుక్కుని కూర్చున్నాడు. "ఇస్త్రీ చేసేదానికి నేను మాఫీ చెప్పాల్నా?" అన్నాడు. మిషన్ మీద ఒక గుడ్డ కప్పాడు. అది అట్లాగే ఉండిపోయింది.

నేను సవరణ రాసి పంపాను. ఆ పొద్దున కరెంటు సంగతి, నాబు దించమని ఆమె చెప్పిన సంగతి, అన్నీ రాశాను. వారం చూశాను, రాలేదు. ఫోన్ చేస్తే, "కప్పుల మీద ఎన్నిసార్లు రాస్తారండీ? అయిపోయిందిగా" అన్నారు. వాళ్లతో పోట్లాడవచ్చు. పోట్లాడలేదు. ఉద్యోగం చిన్నది, భయం పెద్దది.

తర్వాత ఒక రోజు నా రెండు అంగీలు తీసుకొని ఆమె బండి దగ్గరికి పోయాను. నామీద బంద్ లేదు. ఆమె అంగీలు అందుకొని బండి మీద పెట్టింది. నాకు ఊరట కలిగింది. ఆ ఊరటలోనే చెప్పేశాను.

"నీ సంగతి మళ్ల రాసిన."

చెయ్యి ఆగింది. "రాసినవా?"

"రాసిన. అంత రాసిన. నిజమే రాసిన."

"అచ్చయిందా?"

"కాలే."

ఆమె పెట్టెను పక్కన దించింది. నా అంగీలు రెండూ, మడత కూడా విప్పకుండా, నా చేతుల్లో పెట్టింది.

"ఇగో. నేను గూడ నీ అంగీలు తీసుకున్న. ఇస్త్రీ కాలే."

ఇంకో రెండేళ్లు ఆ ఊళ్లో ఉన్నాను. బదిలీ అయ్యే రోజు వరకు ఆమె నాతో మాట్లాడలేదు, నేను ఎదురుపడితే ముఖం తిప్పుకోనూ లేదు. సూటిగా చూసేది. ఆ చూపులో తిట్టు లేదు. ఇంకా అచ్చు కాలేదా అన్నట్టు ఉండేది. పట్టు ధోతులు ఆమె బండి మీదికి మళ్లీ వచ్చాయో లేదో నాకు తెలియదు. పటేల్ ఆ ఒక్క మాట అనకుండానే స్టూడియో మూసుకొని పిల్లల దగ్గరికి పోయాడని, అక్కడే చనిపోయాడని విన్నాను.

ఆమె అడిగిన మాట పటేల్ అనవలసింది. అనలేదు. నేను అచ్చు వేయవలసింది ఇంకా మిగిలే ఉంది. ఆ పొద్దు మంత్రి సభ కోసం బోర్లకు కరెంటు బంద్ పెట్టి, ఊరికి నిండుగా ఇచ్చారు. నాబు సగానికి దించమని, రెండు అంగీల సేపు చాలని ఆమె చెప్పింది. పటేల్ దించలేదు. మూడడుగుల దూరంలో కూర్చుని నేను విన్నాను, విననట్టు రాశాను. మంత్రి ముఖం మాడగొట్టినామె అని ఆ ఊళ్లో ఇకమీద ఎవరైనా నవ్వితే, నవ్వే ముందు ఇది చదువుకోవాలి. ఆ ఇరవై కప్పుల్లో ఒక్కదాన్ని కూడా ఆమె ముట్టుకోలేదు.